ఇంగ్లీషు పోర్ట్‌మాంటో మాటలు: అతుకు ఎక్కడ పడింది, ఎప్పుడు మాసింది

బ్రంచ్ అనే మాటలో బ్రేక్‌ఫాస్ట్ వాటా మొదటి రెండు హల్లులే. మిగతాదంతా లంచ్ సొత్తు. 1895లో గై బెరింజర్ అనే ఆంగ్ల రచయిత ఒక వారపత్రికలో ఈ నడిమి తిండిని వెనకేసుకొస్తూ వ్యాసం రాశాడు. మరుసటి ఏడాది పంచ్ అనే హాస్య పత్రిక ఒక ముచ్చట చెప్పింది. ఆక్స్‌ఫర్డ్‌లో ఇందులోనూ రెండు రకాలు చేశారట: పొద్దుటి పలహారం వేళకు దగ్గరగా తింటే బ్రంచ్, మధ్యాహ్న భోజనానికి దగ్గరైతే బ్లంచ్. ఈ రెండో దాంట్లో బ్రేక్‌ఫాస్ట్‌కు దక్కింది ఒక్క హల్లు. బ్రంచ్ ప్రపంచమంతా తిరిగింది. బ్లంచ్ పుట్టినచోటే పోయింది. అవే రెండు మాటల్లోంచి, దాదాపు ఒకే కాలంలో పుట్టిన ఈ కవలల్లో ఒకటి బతికి ఇంకొకటి ఎందుకు పోయిందన్న ప్రశ్న ఇలా రెండు మాటలు కలిపి అతికించిన పోర్ట్‌మాంటో మాటలు పోగేసేవాళ్ళకు మొదట్లోనే ఎదురవుతుంది. దానికి సగం జవాబు కత్తెర ఎక్కడ పడిందన్న దాంట్లోనే ఉంది. బ్లంచ్‌లో లంచ్ మొత్తం చెక్కుచెదరకుండా ఉంది, దాని ముందున్న ఒంటి హల్లు బ్రేక్‌ఫాస్ట్‌దని ఎవరికి తడుతుంది?

పోర్ట్‌మాంటో అంటే పుస్తకంలా మధ్యకి విచ్చుకునే రెండు అరల ప్రయాణపు పెట్టె. మాటలకు ఈ పేరు పెట్టింది ఆంగ్ల రచయిత లూయిస్ కారల్. 1871 చివర్లో వచ్చిన 'త్రూ ద లుకింగ్ గ్లాస్'లో హంప్టీ డంప్టీ ఒక వింత పద్యానికి అర్థం చెబుతూ, స్లైదీ అంటే లైద్, స్లైమీ రెండూ కలిసినదని, మిమ్సీ అంటే ఫ్లిమ్సీ, మిజరబుల్ కలిసినదని విడమరుస్తాడు. ఒకే మాటలో రెండు అర్థాలు సర్దిపెట్టారు, పోర్ట్‌మాంటోలాగా అంటాడు. తమాషా ఏమిటంటే, అంత ఓపిగ్గా వివరించిన స్లైదీ, మిమ్సీ జనం నోళ్ళలో పెద్దగా నిలవలేదు. అదే పద్యంలో వివరణ లేకుండా వదిలేసిన చార్టిల్ మాత్రం మామూలు ఇంగ్లీషు క్రియ అయి కూర్చుంది. అది చకిల్, స్నార్ట్ కలిసినది కావచ్చని నిఘంటువులు ఊహించి చెబుతాయి.

ఇలాంటి మాటలు పోగెయ్యడం తేలిక. ఏది చేర్చాలి, ఏది వదిలెయ్యాలి అన్న దగ్గరే తకరారు. తెలుగు వ్యాకరణం చదివినవాళ్ళకు సంధి, సమాసం తెలుసు కాబట్టి తేడా పట్టుకోవడం సులువు. సమాసంలో రెండు పదాలూ పూర్తిగా ఉంటాయి. సంధిలో అంచున ఒక అచ్చు పోవచ్చు, ఇంకో అచ్చు రావచ్చు, మాటల ఒళ్ళు మాత్రం చెడదు. పోర్ట్‌మాంటోలో రెండు మాటల్లో ఒకదానికైనా నడుము తెగాలి, లేదా రెండూ ఒకదాని మీదికి ఒకటి జరగాలి. భాషాశాస్త్రంలో వీటిని బ్లెండ్‌లంటారు. అక్కడ తరచుగా చెప్పే సూత్రం, మొదటి మాట తల, రెండో మాట తోక. స్మోక్ తల, ఫాగ్ తోక: స్మాగ్. స్పూన్ తల, ఫోర్క్ తోక: స్పోర్క్.

ఈ సూత్రం దగ్గరే జనం రాసుకునే జాబితాలకూ పండితుల జాబితాలకూ చెడుతుంది. సిచ్యుయేషన్ కామెడీ నుంచి వచ్చిన సిట్‌కామ్, మాడ్యులేటర్ డీమాడ్యులేటర్ నుంచి వచ్చిన మోడెమ్, ఫార్ములా ట్రాన్స్‌లేషన్ నుంచి వచ్చిన ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష పేరు, ఇవన్నీ రెండు తలలు అతికించినవి, తోక లేనివి. మామూలు జాబితాల్లో ఇవి బ్రంచ్ పక్కనే ఉంటాయి. చాలామంది పండితులు మాత్రం వీటిని కత్తిరించిన సమాసాలు అని వేరే పెడతారు. ఈ విషయంలో పండితుల పట్టుదలలో న్యాయం ఉంది. బ్రంచ్ పలికితే లంచ్‌తో ప్రాస కుదురుతుంది, మోటెల్‌లో హోటల్ ఊనిక వినబడుతుంది. రెండో మాట తోకతోపాటు దాని నడక కూడా వచ్చింది కాబట్టే ఎన్నడూ వినని మాటైనా చెవి పోల్చుకుంటుంది. మోడెమ్‌లో అలాంటి ఆనవాలేమీ లేదు. ఎవరైనా చెబితే తప్ప దాని పుట్టుక తెలియదు.

అసలు ఎటూ చెందని బాపతు కూడా ఉంది. 1997లో జోర్న్ బార్జర్ అనే ఆయన వెబ్, లాగ్ కలిపి వెబ్‌లాగ్ అన్నాడు. అది మామూలు సమాసం. 1999లో పీటర్ మెర్‌హోల్జ్ దాన్ని సరదాగా 'వీ బ్లాగ్' అని విడగొట్టి చూపించాడు. బ్లాగ్ అలా పుట్టింది. మొదటి మాటలోంచి చివరి హల్లు ఒక్కటే వచ్చి రెండో మాట ముందు నిలబడింది. తలా తోకా సూత్రానికి ఇది పూర్తిగా తిరగబడ్డ కేసు. దాని పిల్ల వ్లాగ్ మాత్రం వీడియో తలతో, బ్లాగ్ తోకతో, చక్కగా సూత్రం ప్రకారమే పుట్టింది. ఇక ఎమోజీ. ఎమోషన్, ఐకాన్ కలిసి ఎమోటికాన్ అయిన సంగతి తెలిసినవాళ్ళు ఎమోజీని కూడా దాని చెల్లెలే అనుకుంటారు. నిజానికి అది జపనీస్ మాట. అందులో 'ఎ' అంటే బొమ్మ, 'మోజి' అంటే అక్షరం. ఎమోషన్‌తో దానికి చుట్టరికమే లేదు, పోలిక కాకతాళీయం. దీన్ని పోర్ట్‌మాంటో అని రాసిన జాబితాను తక్కినవాటి విషయంలో కూడా ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవడం మంచిది.

వర్గీకరణకు భాషావేత్త జాన్ ఆల్జియో 1977లో రాసిన వ్యాసం ఇప్పటికీ పనికొచ్చే దారి చూపిస్తుంది. రెండు మాటలకూ ఉమ్మడిగా ఉన్న శబ్దం ఎంత, కోసి పారేసిన శబ్దం ఎంత అన్నది అందులో చూడాల్సిన ముఖ్యమైన సంగతి. స్లాంగ్వేజ్ తీసుకుంటే, స్లాంగ్ చివర ఉన్నదీ లాంగ్వేజ్ మొదట ఉన్నదీ ఒకటే శబ్దం. దేన్నీ కొయ్యనక్కర్లేదు, ఒకదాని మీద ఒకటి జరిపితే సరిపోయింది. బ్రంచ్‌లో ఉమ్మడి ఏమీ లేదు, అంతా కోతే. మోటెల్ ఈ రెండిటికీ మధ్యది. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో కార్లలో వచ్చేవాళ్ళ కోసం ఆర్థర్ హైన్‌మన్ అనే ఆర్కిటెక్ట్ కట్టిన బసకు ఈ పేరు పెట్టాడు. మోటర్, హోటల్ రెండిట్లోనూ మొదటి హల్లు తీసేస్తే మిగిలేది ఒకే అచ్చు, ఒకే టకారం. హోటల్ నెత్తిన హకారం తీసి మకారం పెడితే పని అయిపోయింది. హ్యాంగ్రీ అంతకన్నా పొదుపు. హంగ్రీ, యాంగ్రీ రెండిటి తోకా ఒకటే. ఆకలి మాట నుంచి ఒక్క హకారం తెచ్చి కోపం మాట ముందు పెట్టారు. ఆకలి వల్ల వచ్చే చిరాకుకు అంతకన్నా పొందికైన మాట దొరకడం కష్టం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ 2018లో దానికి చోటిచ్చింది.

కత్తెర పడే చోటుకూ ఒక అలవాటుంది. బ్రంచ్, స్మాగ్, స్పోర్క్ మూడింటిలోనూ మొదటి మాటలోని హల్లుల గుంపు పూర్తయ్యాక, అచ్చు మొదలయ్యే ముందు తెగింది. 1998లో మైకేల్ కెలీ ఇలాంటి మాటలను గుదిగుచ్చి చూసినప్పుడు, ఇంగ్లీషు అక్షరంలో సహజంగా కీలు ఉండే చోటే కోత ఎక్కువగా పడుతోందని తేలింది. జంటలో ముందు ఏది నిలబడుతుందన్నది కూడా ఆయన చూశాడు. పొట్టి మాట, వాడుకలో ఎక్కువగా ఉన్న మాట, ఆ కోవలో ముందు గుర్తొచ్చే మాట, ఇవి ముందు సీటు పడతాయి. ఇది మొగ్గే కానీ చట్టం కాదు. బ్రంచ్‌లో లంచే పొట్టిది, అయినా వెనక్కి వెళ్ళింది. పలహారం ముందు, భోజనం తర్వాత అన్న గడియారపు వరుస అక్కడ గెలిచింది. 19వ శతాబ్దం నడుమ వచ్చిన ఒక నవలలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ పేర్లు కలిపిన ఆక్స్‌బ్రిడ్జ్, క్యామ్‌ఫర్డ్ రెండూ ఉన్నాయి. జనం ఆక్స్‌బ్రిడ్జ్‌నే ఉంచుకున్నారు.

జంతువుల పేర్లలో మాత్రం ఈ వరుసకు ఒక కట్టుబాటు ఉంది. మగ సింహానికీ ఆడ పులికీ పుట్టినది లైగర్, మగ పులికీ ఆడ సింహానికీ పుట్టినది టైగన్. తండ్రి పేరు తల, తల్లి పేరు తోక. 1985లో హవాయిలో పుట్టిన హోల్ఫిన్‌కు తండ్రి ఫాల్స్ కిల్లర్ వేల్, తల్లి డాల్ఫిన్. 1998లో దుబాయిలో కృత్రిమ గర్భధారణతో పుట్టిన కామాకు తండ్రి ఒంటె, తల్లి లామా. లైగర్‌ను తిరగేస్తే అర్థమే మారిపోతుంది, వేరే జంతువు అవుతుంది. ఇలా వరుసే సమాచారమైపోయిన పోర్ట్‌మాంటోలు ఇంగ్లీషులో అరుదు. మామూలు స్పోర్క్‌ను ఫూన్ అన్నా చేతిలో ఉండేది అదే వస్తువు.

అర్థాన్ని బట్టి చేసే విభజన తేలిగ్గానే తెగుతుంది. స్పోర్క్, బ్రంచ్, లైగర్‌లలో రెండు వైపులా సమాన హక్కు. మాక్యుమెంటరీలో అలా కాదు, అది ఒక రకం డాక్యుమెంటరీ, మాక్ దానికి విశేషణం. మన ద్వంద్వ సమాసం, కర్మధారయం తేడా ఇక్కడ దాదాపు అలాగే అతుకుతుంది. విషయాన్ని బట్టి, అంటే తిండి మాటలు, బట్టల మాటలు, రాజకీయం మాటలు అని గుంపులు కట్టే పద్ధతి జనం జాబితాల్లో బాగా కనిపిస్తుంది. చదవడానికి సరదాగా ఉన్నా దానివల్ల మాటల గురించి కొత్తగా తెలిసేది తక్కువే. లూయీజ్ పౌండ్ 1914లో బ్లెండ్‌ల మీద వేసిన పుస్తకంలో మాట ఎవరి నోట, ఏ అవసరంతో పుట్టిందన్నదాన్ని పట్టించుకుంది. రచయితలు కావాలని చేసినవి, పిల్లలు చేసినవి, వ్యాపారులు సరుకులకు పెట్టినవి ఆమె దృష్టిలో వేరువేరు. వందేళ్ళు దాటినా విషయాన్ని బట్టి కట్టిన గుంపులకన్నా అదే మేలు.

అన్నిటికంటే సరుకు దండిగా ఉన్నది తెగిన ముక్కల కథలో. ఆల్కహాలిక్ అంటే ఆల్కహాల్‌కు 'ఇక్' చేర్చినది. మూలం అరబ్బీ. అందులో 'హాలిక్' అనే భాగమే లేదు. 1971లో వేన్ ఓట్స్ అనే అమెరికన్ రచయిత పుస్తకంతో వర్కహాలిక్ ప్రచారంలోకి వచ్చాక, ఆ తప్పుడు చోట తెగిన ముక్క దేనికైనా బానిస అయినవాడు అనే అర్థంతో సొంతంగా బతకడం మొదలుపెట్టింది. షాపహాలిక్, చాకహాలిక్ అలా వచ్చినవే. వాటిలో మద్యం ఎక్కడుంది? హాంబర్గర్ జర్మనీలోని హాంబర్గ్ పేరు మీద వచ్చింది. దాన్ని 'హామ్', 'బర్గర్' అని విన్న చెవులు చీజ్‌బర్గర్ చేశాయి, చివరికి బర్గర్ ఒక్కటే మాటై నిలిచింది. మారథాన్ గ్రీసులో ఒక ఊరి పేరు. దాని తోక తెగి టెలిథాన్, వాకథాన్, హ్యాకథాన్‌లకు అతుక్కుంది. ఊరి పేరు చివరి ముక్కకు 'ఎడతెగకుండా చాలాసేపు చేసేది' అనే అర్థం వచ్చింది.

హెలికాప్టర్‌ది వీటన్నిటినీ మించిన కథ. 1861లో ఫ్రెంచివాడు పాంటన్ డామెకూర్ గ్రీకులో సుడి అనే అర్థమున్న హెలికో, రెక్క అనే అర్థమున్న ప్టెర్ కలిపి ఆ పేరు చేశాడు. ఇంగ్లీషు నోటికి 'ప్ట'తో మాట మొదలవడం పడదు. అందుకని హెలి, కాప్టర్ అని విరిచారు. హెలిపోర్ట్, క్వాడ్‌కాప్టర్ ఆ విరుపులోంచి పుట్టాయి. క్వాడ్‌కాప్టర్‌లోని రెండో కకారం నిజానికి సుడి అనే మాట తాలూకు చివరి ముక్క. ఆ సంగతి తెలియకపోయినా డ్రోన్ ఎగురుతుంది, మాట కూడా అంతే. వాటర్‌గేట్ ఒక భవన సముదాయం పేరు. 1972లో అక్కడ మొదలైన రాజకీయ కుంభకోణం తర్వాత దాని చివరి ముక్క 'గేట్' ప్రతి కుంభకోణానికీ తోక అయింది. హాలీవుడ్ తోక పట్టుకుని బాలీవుడ్, నైజీరియా సినిమాల నాలీవుడ్ వచ్చాయి. టాలీవుడ్ కూడా మొదట, 1932లో, కలకత్తాలోని టాలీగంజ్ సినిమా పరిశ్రమకు పెట్టిన పేరు.

ఇక్కడ వర్గీకరించేవాళ్ళకు నిజమైన ఇబ్బంది వస్తుంది. వర్కహాలిక్ పుట్టినప్పుడు పోర్ట్‌మాంటో, అందులో సందేహం లేదు. చాకహాలిక్ నాటికి 'హాలిక్' ఒక ప్రత్యయం అయిపోయింది, కాబట్టి అది మామూలు పదనిర్మాణం కిందికే వస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. ఏ ఏడు గీత దాటిందో చెప్పలేం. అందుకే పోర్ట్‌మాంటో అన్నది మాటకు శాశ్వతంగా ఉండే కులం కాదు, కొంతకాలం ఉండే స్థితి అనుకుంటేనే లెక్క కుదురుతుంది. మాట పక్కన మూలపదాలు రెండూ రాస్తే సరిపోదు. ఇవాళ మాట్లాడేవాళ్ళకు ఆ అతుకు ఇంకా వినబడుతోందా లేదా అన్నదీ రాయాలి. మాక్యుమెంటరీలో వినబడుతుంది. బిట్‌లో వినబడదు. బైనరీ డిజిట్‌ను, అంటే కంప్యూటర్లలో వాడే సున్నా, ఒకటి అంకెల్లో ఒకదాన్ని, బిట్ అని కుదించినది గణితవేత్త జాన్ టూకీ అని క్లాడ్ షానన్ 1948 వ్యాసంలో చెప్పాడు. ముక్క అనే అర్థంలో బిట్ అనే మాట ఇంగ్లీషులో ముందే ఉండడంతో కొత్తది దాని వెనక దాక్కుంది. పిక్సెల్‌లో పిక్చర్, ఎలిమెంట్ ఉన్నాయని ఫోన్ కొనేవాళ్ళెవరూ అనుకోరు.

అతుకు మాసిపోతే అర్థానికి కూడా పగ్గం తెగుతుంది. ఎలక్ట్రిక్ కుర్చీలో మరణశిక్ష అమలు చేయడం కోసం 1889లో ఎలక్ట్రో, ఎగ్జిక్యూట్ కలిపి ఎలక్ట్రొక్యూట్ చేశారు. ఇప్పుడు పొరపాటున కరెంటు షాక్ కొట్టి పోయినా అదే మాట, అందులో శిక్ష ఏమీ లేదు. 1912లో కాజిమిర్ ఫంక్ విటమిన్ అనే పేరు పెట్టినప్పుడు ప్రాణాధారమైన అమైన్ (నత్రజని ఉన్న ఒక రకం రసాయనం) అని ఆయన ఉద్దేశం. అవన్నీ అమైన్‌లు కావని తర్వాత తేలింది. 1920లో జాక్ డ్రమండ్ సూచన మీద ఇంగ్లీషు వర్ణక్రమంలో చివరి 'ఇ' తీసేశారు, పోర్ట్‌మాంటోను చట్టబద్ధంగా చెరిపినట్టు. ఒక పార్టీకి లాభం కలిగేలా నియోజకవర్గాల గీతలు వంకరగా గీయడమనే అర్థమున్న గెరీమాండర్‌ది ఇంకో దారి. 1812లో మసాచుసెట్స్ గవర్నర్ ఎల్‌బ్రిడ్జ్ గెరీ సంతకంతో వచ్చిన నియోజకవర్గాల్లో ఒకటి సాలమాండర్ అనే బల్లిలాంటి జీవి ఆకారంలో ఉందని ఒక బోస్టన్ పత్రిక వెక్కిరించింది. గవర్నర్ పేరులో ఉన్నది గకారం. ఇవాళ దాదాపు అందరూ జెరీమాండర్ అనే పలుకుతారు. మనిషి పేరు మరిచిపోయాక అక్షరాలను చూసి చదివినట్టు పలకడం తప్ప వేరే దారి ఉండదు.

మరీ పాత మాటల్లోకి వెళ్తే నేల జారుడు. ట్విర్ల్ అనేది ట్విస్ట్, వర్ల్ కలిసి వచ్చిందేమో అని నిఘంటువులు 'బహుశా' పెట్టి చెబుతాయి. గ్లీమ్, గ్లో, గ్లిటర్, గ్లిమర్ అన్నీ 'గ్ల'తో మొదలై వెలుగుకు సంబంధించినవే. వీటిలో ఏది దేనికీ దేనికీ పుట్టిందో తేల్చబోతే చిక్కుముడి తప్ప ఏమీ మిగలదు. ఆ శబ్దానికే ఒక వాసన అంటుకుంది అనుకుని వదిలెయ్యడం నయం. నోరు తడబడి పుట్టేవి ఇంకో తెగ. ఇర్రెస్పెక్టివ్ అనబోయి రిగార్డ్‌లెస్ మీద పడితే ఇర్రిగార్డ్‌లెస్ అయింది. రెండు వ్యతిరేకార్థక ముక్కలు మోస్తున్న ఈ మాటను బళ్ళో పంతుళ్ళు ఎంత కొట్టేసినా 18వ శతాబ్దం చివరి నుంచీ బతికే ఉంది. ఎవరూ కావాలని చేయలేదు కాబట్టి దీన్ని పోగులోంచి తీసెయ్యాలా? అక్కర్లేదు. కాకపోతే వేరే గుర్తు పెట్టాలి.

తేదీల విషయంలో కొంచెం మొండిగా ఉండటం అవసరం. స్మాగ్‌ను 1905లో లండన్‌లో డాక్టర్ దె వో అనే ఆయన ఒక ప్రజారోగ్య సభలో కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. ఆ మాటను ప్రచారం చేసింది ఆయనే, కానీ 1893లోనే అది ఒక అమెరికన్ పత్రికలో అచ్చయింది. రెండు మాటలను అతికించడం ఎవరికైనా తట్టే పని కావడంతో ఒకే పోర్ట్‌మాంటో వేరువేరు చోట్ల వేరువేరుగా పుట్టడం మామూలే. 'కనిపెట్టినవాడు' అనే గడి కన్నా 'మొదట కనిపించిన చోటు' అనే గడి నిజాయితీ గలది. అందుకు భిన్నంగా, గట్టి చిరునామా ఉన్నవీ లేకపోలేదు. స్టాగ్నేషన్, ఇన్‌ఫ్లేషన్ కలిసిన స్టాగ్‌ఫ్లేషన్ 1965 నవంబరులో బ్రిటిష్ పార్లమెంటులో ఇయాన్ మెక్లాయిడ్ నోట వచ్చింది. ఐపాడ్, బ్రాడ్‌కాస్ట్ కలిసిన పాడ్‌కాస్ట్ 2004 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రికలో బెన్ హామర్‌స్లీ రాశాడు. ఐపాడ్ మార్కెట్లోంచి పోయినా పాడ్‌కాస్ట్‌కు ఏమీ కాలేదు.

ఒకే కుటుంబంలో ఈ దశలన్నీ వరసగా చూడాలంటే బ్రెగ్జిట్ దగ్గరకు వెళ్ళాలి. 2012 ఫిబ్రవరిలో సిటీగ్రూప్ ఆర్థికవేత్తలు గ్రీస్ యూరో నుంచి బయటికి పోవడాన్ని గ్రెగ్జిట్ అన్నారు. అందులో గ్రీస్ తెగింది, ఎగ్జిట్ తెగలేదు. అదే ఏడు బ్రిటన్ విషయంలో బ్రెగ్జిట్, బ్రిగ్జిట్ రెండూ పోటీ పడ్డాయి, బ్రిగ్జిట్ ఓడిపోయింది. 2016 రెఫరెండం తర్వాత బ్రెగ్జిట్ ఎంత పాతుకుపోయిందంటే ఆ డిసెంబరుకే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో చేరింది. 2020 జనవరిలో మేఘన్, హ్యారీ రాజకుటుంబపు బాధ్యతల నుంచి తప్పుకున్నప్పుడు బ్రిటిష్ పత్రికలు మెగ్జిట్ అన్నాయి. ఇంగ్లీషు అక్షరాల్లో చూస్తే అక్కడ మెగ్ తర్వాత 'ఎక్స్, ఐ, టీ' మాత్రమే ఉన్నాయి, ఎగ్జిట్‌లోని మొదటి 'ఇ' పోయింది. గ్రెగ్జిట్‌లో పూర్తి మాటగా ఉన్నది ఎనిమిదేళ్ళలో మూడక్షరాల తోకగా మారింది. గ్రెగ్జిట్‌ను బ్లెండ్‌ల కింద, మెగ్జిట్‌ను ప్రత్యయాల కింద పెట్టొచ్చు. నడుమనున్న బ్రెగ్జిట్‌ను రెండు చోట్లా రాసుకోవలసిందే.